చలే సిరిగా బతికిన నేల

సూరత్‌లో రైలెక్కి ముంబై వైపు బయల్దేరితే ఉధనా, భేస్తాన్ దాటగానే సచిన్. బట్టకు రంగులద్దే మిల్లుల పొగగొట్టాలు, రాత్రింబవళ్ళు ఆగని సాంచెల చప్పుడు, షిఫ్టు దిగి టీ బంకుల దగ్గర గుమిగూడే ఒడియా, బిహారీ, తెలుగు కూలీలు. ఇవాళ్టి సచిన్ ఇది. ఒకప్పుడు ఇదొక రాజ్యం. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల వంశం 1791లో ఇక్కడ నవాబు గద్దె నిలుపుకుంది. 1948లో ఆ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. గద్దె పోయింది, జెండా పోయింది, ఊరి పేరు మాత్రం మిగిలింది. పతనగాథలు ఈ ఊరికి కొత్త కాదు.

నేను చెప్పబోయే గాథ మాత్రం ఇక్కడికి దాదాపు పదకొండు వేల కిలోమీటర్ల దూరంలో జరిగింది, ఇంకా జరుగుతోంది. గ్లోబు తీసుకుని సూరత్ నుంచి నేరుగా ఉత్తర ధ్రువం దాకా వేలు జరిపి, ధ్రువం దాటి అవతలికి దిగితే కెనడాలోని యెల్లోనైఫ్ దరిదాపుల్లో ఆగుతుంది. సచిన్‌లో పగలు షిఫ్టు మొదలయ్యే వేళకు అక్కడ రాత్రి. ఈ రెండు ఊళ్ళనూ కలిపింది వజ్రం.

సచిన్‌లో 2000లో మొదలైన ప్రత్యేక ఆర్థిక మండలిలో, పక్కనున్న డైమండ్ పార్కులో వజ్రాల కార్ఖానాలున్నాయి. లోపల వరసగా ఘంటీలు. ఘంటి అంటే గిర్రున తిరిగే ఇనుప చక్రం చుట్టూ నలుగురు కూర్చుని పనిచేసే బల్ల. చక్రానికి నూనెలో కలిపిన వజ్రపు పొడి పూస్తారు. వజ్రాన్ని అరగదీయడానికి వజ్రమే కావాలి మరి. బియ్యపు గింజలో సగం కూడా లేని రాయిని ఇనుప పిడికి బిగించి చక్రానికి ఆనిస్తారు. రెండు క్షణాలకోసారి ఎత్తి, భూతద్దం కంటికి పెట్టుకుని చూసి, మళ్ళీ ఆనిస్తారు. రోజంతా అదే పని. కాగితాల మీద వాళ్ళు రత్నకళాకారులు, వీధిలో హీరా ఘసులు. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది సూరత్ చేతుల మీదుగా పోతాయని ఇక్కడి వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. రష్యా, బోట్స్వానా, అంగోలా, కెనడా, ఏ దేశపు రాయైనా ఘంటి దగ్గరికి వచ్చేసరికి ఒక్కలాగే ఉంటుంది. ఏ నేలను తవ్వి తెచ్చారో, ఆ నేల ఇప్పుడెలా ఉందో రాయి మీద రాసి ఉండదు.

కెనడా రాయి వచ్చిన నేల కథ ఇది.

కెనడా వాయవ్య భాగంలో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే ప్రాంతం ఉంది. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసినా దానిలో పావు వంతుకు రావు. జనాభా మాత్రం మన చిన్న పట్టణమంత, 45 వేల చిల్లర. అక్కడ యుగాలుగా బతుకుతున్నది డెనె జాతుల వాళ్ళు. వాళ్ళలో ఒక శాఖ త్లిచో. వాళ్ళకు పొలాలు లేవు, పంటలు లేవు. ఉన్నదల్లా చలి. మనం చలిని కష్టం కింద లెక్కవేస్తాం. వాళ్ళకు అదే సిరి. చలికి చెరువులు గట్టిపడి దారులయ్యేవి. చలికి నేల బిగుసుకుని ఇంటి పునాదిని మోసేది. వేటాడిన మాంసం చలిలోనే నిలవ ఉండేది. ఆ చలి మీదే కారిబూ మంద నడిచి వచ్చేది.

కారిబూ ఉత్తర దేశపు దుప్పి జాతి. దాని ఒంటి మీది వెంట్రుక లోపల డొల్ల. అందులో నిలిచిన గాలి చలిని ఆపుతుంది. వెడల్పాటి గిట్టలతో మంచును తవ్వి, అడుగున నేలను అంటుకుని పెరిగే లైకెన్‌ను మేస్తుంది. త్లిచోలకు దాని మాంసమే తిండి, తోలే గుడారం, నరమే కుట్టు దారం, డోలు మీద బిగించేదీ దాని చర్మమే. ఏటా చలికాలంలో మంద అడవుల్లోకి దిగేది, వసంతంలో ఉత్తరాన సముద్రం దగ్గరికి ఈనడానికి వెళ్ళేది. బాథర్స్ట్ ఇన్లెట్ అనే సముద్రపు పాయ దగ్గర ఈనుతుంది కనుక ఆ మందకు బాథర్స్ట్ మంద అని పేరు. 1986లో లెక్కవేసినప్పుడు అందులో దాదాపు 4,70,000 తలలు తేలాయి. మంద దాటుతుంటే రోజుల తరబడి కొండలే కదిలినట్టుండేదని పెద్దలు చెబుతారు.

ఇక్కడ ఒక ఒడంబడిక గురించి చెప్పాలి. 1921 ఆగస్టులో కెనడా ప్రభుత్వ ప్రతినిధులు ఫోర్ట్ రే అనే చోటికి వచ్చారు. నార్మన్ వెల్స్ దగ్గర చమురు పడింది, ఆ నేల మీద హక్కు రాయించుకోవాలి. అప్పటి త్లిచో నాయకుడు మొన్ఫ్వి. సంతకానికి ముందు ఆయన పెట్టిన షరతును త్లిచోలు ఇప్పటికీ తరం నుంచి తరానికి చెప్పుకుంటారు. సూర్యుడు ఉదయించినన్నాళ్ళు, నది పారినన్నాళ్ళు, నేల కదలనన్నాళ్ళు తమ బతుకు తీరుకు ఎవరూ అడ్డు రాకూడదు. ఇదీ దాని సారం. మన శాసనాల్లో ఆచంద్రతారార్కం అని చెక్కించినంత ధీమా అందులో ఉంది. సూర్యుడు, నది, నేల. వీటికన్నా నమ్మకమైన సాక్షులు ఎక్కడ దొరుకుతారు?

వందేళ్ళు తిరిగేసరికి ఆ ముగ్గురు సాక్షులూ మాట తప్పే రోజు వచ్చింది.

మొదట సిరి రూపంలో వచ్చింది చెడు. 1991లో చార్లెస్ ఫిప్కీ, స్టీవర్ట్ బ్లసన్ అనే ఇద్దరు అన్వేషకులు లాక్ ద గ్రా చెరువు ప్రాంతంలో, పాయింట్ లేక్ అనే చోట వజ్రాలున్న కింబర్లైట్ రాతిని కనిపెట్టారు. అంతవరకూ వజ్రాల పటంలో కెనడా పేరే లేదు. 1998లో ఎకాటి గని తెరిచారు. 2003లో డయావిక్ గనిలో ఉత్పత్తి మొదలైంది. చెరువుల అడుగున దొరికే రాతి కోసం కొన్ని చెరువులను తోడేశారు, లాక్ ద గ్రాలో కట్టలు వేసి నీళ్ళను పక్కకు నెట్టారు. కొన్నేళ్ళకే విలువను బట్టి వజ్రాల దేశాల్లో కెనడా మూడో స్థానానికి చేరింది. ఆఫ్రికాలో వజ్రాల సొమ్ముతో అంతర్యుద్ధాలు నడుస్తున్న రోజులవి. రక్తపు మచ్చ లేని రాయి అంటూ కెనడా వజ్రానికి కొనేవాళ్ళు అదనంగా చెల్లించారు. యెల్లోనైఫ్‌లోనూ కొన్ని కోత కర్మాగారాలు వెలిశాయి. భారతదేశపు కూలి రేట్లతో పోటీ పడలేక పదేళ్ళు తిరిగేసరికి వాటిలో దాదాపు అన్నీ మూతబడ్డాయి. ఆ పనిలో ఎక్కువ భాగం సూరత్‌కే వచ్చింది.

ఆ గనులకు ఏడాది పొడవునా వాడుకునే రోడ్డు లేదు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టే మంచే రోడ్డు. యెల్లోనైఫ్ దగ్గర టిబిట్ చెరువు నుంచి ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు సాగే ఆ దారిలో పదింట ఎనిమిదిన్నర వంతులు నీళ్ళ మీదే, మిగిలిన ఒకటిన్నర వంతు చెరువుకూ చెరువుకూ మధ్య నేల మీద. మొదట 1982లో లుపిన్ బంగారు గని కోసం వేశారు. జనవరి చివర్లో తెరిస్తే మార్చి చివరికల్లా మూతబడుతుంది. ఏడాదికి సరిపడా డీజిలు, సిమెంటు, టైర్లు, పేలుడు మందు ఆ ఎనిమిది పది వారాల్లోనే చేరాలి.

పూర్తి బరువున్న లారీ దాటాలంటే మంచు మీటరుకు పైగా మందం ఉండాలి. లారీ నడుస్తుంటే దాని బరువుకు మంచు కొద్దిగా కుంగి, కింది నీళ్ళలో ఒక అల పుడుతుంది. లారీతో పాటే ఆ అలా సాగుతుంది. డ్రైవరు తొందరపడితే అల ముందే ఒడ్డుకు కొట్టుకుని, అక్కడి మంచును కింది నుంచి పగలగొడుతుంది. అందుకే నిండు లారీకి గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదని నియమం, ఒడ్డు దగ్గర ఇంకా తక్కువ. నిండు కుండ నెత్తిన పెట్టుకున్న మనిషి నడకలా లారీలు రాత్రీ పగలూ అలా పాకుతూ పోతాయి.

2006లో ఆ రోడ్డు దగా చేసింది. శీతాకాలం వెచ్చగా గడిచి మంచు సరిగ్గా గట్టిపడలేదు. అనుకున్న సరుకు చేరకుండానే మార్చిలో దారి మూసేయాల్సి వచ్చింది. మిగిలిన డీజిలును, యంత్రాలను విమానాల్లో మోసుకుపోయారు. లారీలో వెళ్ళాల్సిన సరుకును విమానంలో పంపితే ఎంతవుతుందో లెక్క తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మరుసటి ఏడు చలి బాగా పడి దాదాపు 11 వేల లోడ్లు వెళ్ళాయి కానీ, ఆ దారి మీది పాత నమ్మకం తిరిగి రాలేదు. అదే 2006 ఆగస్టులో, ఉకాయి డ్యాం గేట్లెత్తి నీళ్ళు వదిలితే తాపీ నది సూరత్‌లో ఎక్కువ భాగాన్ని ముంచింది. ఈ రెండింటికీ నేరుగా ముడి పెట్టలేం. ఒకే ఏడు, వజ్రం బయల్దేరే చోట నీళ్ళు గడ్డకట్టలేదు, వజ్రం చేరే చోట నీళ్ళు గట్టు లోపల ఆగలేదు. జరిగింది అంతే.

గనులకు విమానాలున్నాయి. కారిబూకు ఏమున్నాయి?

మంద లెక్కలు చూడండి. 1986లో 4,70,000. 2003లో 1,86,000. 2009 వచ్చేసరికి 32 వేలు. 2018లో 8,200. 2021లో 6,240. ముప్పై అయిదేళ్ళలో వందకు తొంభై ఎనిమిది మాయం. ఈ లెక్కలో తప్పంతా ఒక్కరి మీదే వేయడం న్యాయం కాదు. కారిబూ మందలు పెరిగి తరిగే కాలచక్రం ఉందని శాస్త్రవేత్తలూ పెద్దలూ ఇద్దరూ ఒప్పుకుంటారు. గనులు తెరవకముందే తగ్గుదల మొదలైంది. గనుల రోడ్లు, దుమ్ము, పేలుళ్ళ చప్పుడు మంద దారి మార్చాయి. తోడేళ్ళూ ఉన్నాయి, వేటా ఉంది. ఇదివరకు తగ్గినప్పుడల్లా మంద మళ్ళీ పుంజుకునేది. ఈసారి లేవబోయిన ప్రతిసారీ ఎండ దాన్ని కిందికి తోసింది.

ఎండ చంపే తీరు చిత్రంగా ఉంటుంది. వేసవి వేడెక్కితే కారిబూ వెంట్రుకల మీద గుడ్లు పెట్టే ఒక జాతి ఈగ పెరుగుతుంది. గుడ్డు పగిలి పురుగు చర్మం కిందికి దూరుతుంది. ఆ ఈగ రొద వింటే చాలు, జంతువు మేత మానేసి పరుగులు పెడుతుంది. వేసవంతా తిని కొవ్వు పట్టాల్సిన రోజుల్లో పరిగెత్తి చిక్కిపోతుంది. చిక్కిన ఆడ జంతువు ఆ ఏడు కట్టదు. శరదృతువులో మంచు మీద వాన పడితే అది గాజులా బిగుసుకుని, గిట్టతో తవ్వినా కింద మేత అందదు. ఇక చలికాలపు అడవిలో కార్చిచ్చు పుడితే లైకెన్ కాలిపోతుంది. అది మళ్ళీ మేతకు అక్కరకొచ్చేంత పెరగడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. 2014లో ఒక్క వేసవిలో ఆ టెరిటరీలో 34 లక్షల హెక్టార్ల అడవి తగలబడింది. కేరళ రాష్ట్రం కంటే కొంచెం తక్కువ. మంద చలికాలం మేసే చోట్లు కూడా అందులో పోయాయి.

2010 నుంచి వేటకు కట్టుబాట్లు మొదలై, 2015 వచ్చేసరికి బాథర్స్ట్ మంద తిరిగే చోట వేటే పూర్తిగా నిలిచిపోయింది. ఏ మంద మీద బతికారో దాన్ని ముట్టకూడని స్థితికి త్లిచోలు వచ్చారు. తామే ఒప్పుకుని తామే ఆగారు. ఇవాళ అక్కడి ఇంట్లో కారిబూ మాంసం బదులు దూరం నుంచి వచ్చిన కోడిని దుకాణంలో మండే ధరకు కొంటారు. 2016 నుంచి ఏటా వేసవిలో పెద్దలూ యువకులూ కలిసి కాంట్వోయ్టో చెరువుకు వెళ్ళి పడవల్లో తిరుగుతున్నారు. గట్ల మీద నడుస్తారు, ఎత్తు మీద కూర్చుని గంటల తరబడి చూస్తారు. వెనకటి వేటగాళ్ళు ఎలా వెళ్ళేవారో అలాగే, చంపడానికి కాకుండా చూడటానికి వెళ్ళడం. ఏ జంతువు కుంటుతోంది, ఏ తల్లి వెంట దూడ లేదు, ఎక్కడ మేత ఎండింది, అన్నీ రాసుకుని వస్తారు. ఒకప్పుడు కొండలే కదిలినట్టున్న చోట ఇప్పుడు కనబడిన వాటిని వేళ్ళ మీద లెక్కించే రోజులూ ఉంటాయి.

మంద కథ ఇలా ఉంటే, మొన్ఫ్వి సాక్షుల కథ మరోలా నడిచింది.

నేల కదలదన్నాడు ఆయన. ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న ఆ నేలలో మట్టితో పాటు మంచూ ఉంటుంది. అది కరిగితే పైన ఉన్నదంతా కుంగుతుంది. యెల్లోనైఫ్ నుంచి ఫోర్ట్ రే వైపు, అంటే ఇప్పటి బెచొకో వైపు, వెళ్ళే హైవే అలలు అలలుగా లేస్తూ పడుతూ ఉంటుంది. ఎంత మరమ్మతు చేసినా మళ్ళీ అంతే. 2015లో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ దగ్గర ఒక చిన్న చెరువు గట్టులోని మంచు కరిగి, చెరువు నీళ్ళు కొండ అంచు మీది నుంచి కిందికి దూకేశాయి. అలా జరుగుతుందని భూగర్భ శాస్త్రవేత్తలు ముందే చెప్పారు, చెప్పినట్టే జరిగింది. ఆర్కిటిక్ తీరంలోని టుక్టోయక్టుక్ ఊళ్ళో సముద్రం గట్టును కోసేస్తుంటే కొన్ని ఇళ్ళను ఎత్తి వెనక్కి జరిపారు.

ఇంతకన్నా గుబులు పుట్టించేది యెల్లోనైఫ్ శివార్లలో నేల కిందే ఉంది. 1948 నుంచి 2004 దాకా నడిచిన జెయింట్ బంగారు గని తన వెనక 2,37,000 టన్నుల పాషాణపు ధూళిని భూగర్భ గదుల్లో వదిలి వెళ్ళింది. ఆ గని పొగ మంచు మీద పడి, ఆ మంచు కరిగిన నీళ్ళు తాగి 1951లో డెనె పసివాడొకడు ప్రాణం వదిలాడు. ఇప్పుడా విషాన్ని బయటికి తీసే దారి లేక, ఉన్నచోటే గడ్డకట్టించి ఉంచాలని నిర్ణయించారు. చుట్టూ ఉన్న రాతిని శాశ్వతంగా చల్లబరుస్తూ ఉండాలి. చలి సొంత ఊరు అనుకున్న చోట, చలిని కొని తెచ్చి కాపలా పెట్టాల్సిన గతి పట్టింది.

నది పారుతుందన్నాడు ఆయన. మెకెంజీ నది మీద వేసవిలో బార్జీలు తిరిగి ఊళ్ళకు డీజిలు, సరుకులు చేర్చడం పాత ఆనవాయితీ. వరస కరువులతో గ్రేట్ స్లేవ్ చెరువు మట్టం పడిపోయింది. 2024 వేసవిలో నీళ్ళు చాలక నార్మన్ వెల్స్‌కు బార్జీలు రద్దయ్యాయి. 1921లో ఏ ఊరి చమురు కోసం ఒడంబడిక రాయించుకున్నారో, ఆ ఊరికే ఇంధనం విమానంలో మోయాల్సి వచ్చింది.

ఇక సూర్యుడు. 2023 జులైలో ఆర్కిటిక్ వలయం అంచున ఉన్న ఫోర్ట్ గుడ్ హోప్‌లో ఎండ 37 డిగ్రీలు దాటింది. సచిన్‌లో జులై నెలలో మామూలుగా అంత ఎండ ఉండదు. ఆ నెలాఖరులో మంటలు బెచొకో దాకా వచ్చి, ఊరు ఖాళీ చేయించారు. కొన్ని ఇళ్ళు కాలాయి. ఆగస్టు 13న ఎంటర్‌ప్రైజ్ అనే పల్లె దాదాపు మొత్తం బూడిదైంది. ఆగస్టు 16 సాయంత్రం యెల్లోనైఫ్ ఖాళీ చేయమని ఆజ్ఞ వచ్చింది. ఇరవై వేల మంది, బయటికి ఒక్కటే రోడ్డు. ఆ రోడ్డుకు రెండు పక్కలా కాలిన అడవి, కాలుతున్న అడవి. పెట్రోలు బంకుల ముందు వరసలు కట్టిన కార్లలో కుక్కలు, పిల్లలు, పెళ్ళి ఆల్బమ్‌లు. కార్లు లేని వాళ్ళు విమానం కోసం బడి ముందు గంటల తరబడి నిలబడ్డారు. పొగలో పగలు పగలులా లేదు. ఆ వేసవిలో టెరిటరీలో దాదాపు 40 లక్షల హెక్టార్లు, కెనడా మొత్తంలో దాదాపు కోటిన్నర హెక్టార్ల అడవి కాలింది. తెలంగాణ కన్నా పెద్ద నేల అది. మూడు వారాల తర్వాత జనం ఊరికి తిరిగొచ్చారు. సూర్యుడు ఉదయిస్తూనే ఉన్నాడు, కనబడని రోజులు మాత్రం వచ్చేశాయి.

నేల కదిలింది, నది ఆగింది, సూర్యుణ్ణి పొగ మింగింది. మాట తప్పించింది ఎవరు?

కెనడా ప్రభుత్వమే 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం ఆ దేశం ప్రపంచ సగటుకు రెండింతల వేగంతో వేడెక్కుతోంది. 1948 నుంచి 2016 లోపల దేశమంతటా సగటున 1.7 డిగ్రీలు, ఉత్తర భాగంలో 2.3 డిగ్రీలు పెరిగింది. తెల్లని మంచు పోతే కింద నల్లని నేల, నీళ్ళు బయటపడి ఎండను ఎక్కువగా పీల్చుకుంటాయి. అందుకే చలి దేశాలు ముందుగా, ఎక్కువగా కాలుతున్నాయి. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందంటే లెక్క దాచలేనిది. కెనడాలో మనిషికి ఏటా 14 టన్నుల చిల్లర కార్బన్ డయాక్సైడ్, మన దేశంలో రెండు టన్నుల దగ్గర. ఇసుకలోంచి చమురు తీసే ఫోర్ట్ మెక్‌ముర్రే పట్టణమే 2016 మే నెలలో మంటల్లో చిక్కి, 88 వేల మంది కట్టుబట్టలతో పారిపోయారు. మంచు రోడ్డు మీద లారీలు మోసిన సరుకులో అన్నిటికన్నా ఎక్కువ డీజిలే. డయావిక్ గని 2012లో గాలిమరలు పెట్టి కొంత డీజిలు తగ్గించుకుంది కానీ అప్పటికి పొద్దుపోయింది. సచిన్ మిల్లుల బాయిలర్లలో మండే బొగ్గుకూ ఇందులో వాటా ఉంది. చిన్నదే. చిన్నది కనుక లేదనడం మాత్రం కుదరదు.

త్లిచోలు పోగొట్టుకున్న దానిలో వాళ్ళు చేసిన పాపం దాదాపు ఏమీ లేదు. నా తీర్పు ఇది. లాభం తిన్నవాళ్ళు వేరు, నష్టం మోసినవాళ్ళు వేరు. గనుల్లో వాళ్ళ పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, ఒప్పందాల ప్రకారం డబ్బూ వచ్చింది. అది కాదనను. ఆ డబ్బుతో మంద మాత్రం తిరిగి రాదు.

సిరి కూడా నిలవలేదు. ఎకాటి యజమానులు 2020లో అప్పుల వాళ్ళ నుంచి రక్షణ కోరి కోర్టుకెక్కారు. గని చేతులు మారింది, మళ్ళీ మారింది. 1991లో మొట్టమొదట వజ్రం దొరికిన పాయింట్ లేక్ దగ్గరే 2025లో తవ్వకం ఆపేసి కార్మికులను ఇళ్ళకు పంపారు. డయావిక్ గనికి 2026తో ఆయుష్షు తీరేలా ఎప్పుడో లెక్క వేసి పెట్టుకున్నారు. ఇక్కడ సూరత్‌లో భూమి కోట్ల ఏళ్ళు పట్టి చేసే రాయిని యంత్రంలో కొన్ని వారాల్లో పెంచేస్తున్నారు. సహజ వజ్రం ధర పడిపోయింది. ఘంటీలు ఖాళీ అయ్యాయి. 2024 జులైలో వజ్ర కార్మికుల సంఘం ఆత్మహత్యల్ని ఆపడానికి ఒక ఫోను లైను తెరవాల్సి వచ్చింది. మంచు నేల మీద వేటగాడు, సచిన్ బల్ల దగ్గర హీరా ఘసు, ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఒకే రాయి రెండు చివర్లలోనూ ఇద్దరి చేతులూ ఖాళీ అయ్యాయి.

వజ్రాల నేలల గతి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాలా? కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో అరవై వేల మంది పనిచేసేవారని పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాసుకున్నాడు. ఇవాళ ఆ కొల్లూరు పులిచింతల జలాశయం అడుగున ఉంది. అక్కడి రాళ్ళు పరాయి కిరీటాల్లో ఉన్నాయి. కొల్లూరు మునిగినా కృష్ణ ఉంది, వానలున్నాయి, చుట్టుపక్కల పొలాలున్నాయి. గని పోయినా జనం బతికారు. లాక్ ద గ్రా చుట్టూ గని మూతబడ్డాక తిరిగి బతకడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం చలి. అదే పోతోంది.

ఆ దేశంలో ఇవాళ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. టొరంటోలో, కాల్గరీలో, ఎడ్మంటన్‌లో చదువులకు వెళ్ళి స్థిరపడిన పిల్లలు ప్రతి ఊరికీ ఒకరిద్దరు తేలతారు. చలికాలం రాగానే ఇక్కడి తల్లులు ఫోను చేసి స్వెట్టరు వేసుకున్నావా, చలి ఎలా ఉంది అని అడుగుతారు. ఈ ఏడు పెద్దగా చలి లేదమ్మా, హాయిగా ఉంది అని పిల్లలు అంటే ఇక్కడ గుండె నిబ్బరపడుతుంది. ఆ మాట విన్నప్పుడు నిశ్చింతగా ఊపిరి పీల్చుకోకండి. ఆ నేల చలితోనే బతికింది. ఆ ఏడు అక్కడ ఏ చెరువు గడ్డకట్టలేదో, ఏ ఊరికి దారి తెగిందో మీ పిల్లల్ని అడిగి తెలుసుకోండి.